ఉత్త గాలిలో బోల్టులు

ఎటోబికో

అక్కా, నేను క్షేమం. రోజూ కాలేజీ అయ్యాక నేను ఊడ్చే కార్ల ఫ్యాక్టరీని నష్టాలొచ్చాయని మూసేశారు, లోపల ఊడ్చే పని మాత్రం నాకు ఉంచారు. యూనియన్ వాళ్ళు గేటు బయట ధర్నాకు కూర్చున్నారు. పోయిన వారం ఒకరోజు మధ్యాహ్నం షిఫ్టు సైరన్ దానంతటదే మోగింది. నినాదాలు ఆగిపోయాయి. అందరూ లోపలికి వచ్చి, ఎవరి చోట వాళ్ళు నిలబడి, ఉత్త గాలిలో బోల్టులు బిగించసాగారు.

"జరుగు తల్లీ, కారొస్తోంది," అంది డోరతీ అనే పెద్దావిడ.

జరిగాను. పక్కనుంచి వేడిగా ఏదో వెళ్ళింది. సెక్యూరిటీవాళ్ళు బయటికి పంపేదాకా ఎవరి చేతులూ ఆగలేదు.

ఆ పని మానేశాను. పక్క ఊరు మిస్సిసాగాలో వేరేది దొరికింది, దిగులు పడకు. చంటిదానికి జ్వరం తగ్గిందా? ముద్దులు పెట్టు. నూలు మిల్లు మూతపడ్డాక బావ నిద్రలో దారాలు ముడివేస్తున్నాడన్నావు. లేపకు అక్కా, ఆ చేతులు మెల్లగా పట్టుకో.

నీ చెల్లి
నిఖిల