తల కాదు

మంచిర్యాల, ఆదివారం రాత్రి

ఈయన నిజాం కాలంలో ఉర్దూ బడిలో చదువుకున్నారు. తెలుగు మాట్లాడటమే గానీ చదవడం అంతంత మాత్రం. ఆయన పనిచేసే సర్కారు కచేరీలో కాగితాలన్నీ తెలుగులోకి మారతాయని అందరూ అంటుంటే నాకు బెంగ పట్టుకుంది. అందుకే ఈ ఆట పెట్టాను. గ్రంథాలయం నుంచి తెచ్చే పుస్తకాల పేర్లలో మొదటి అక్షరాలు కలిపితే ఒక మాట రావాలి. ఆ మాటను ఆయనే పైకి చదవాలి.

ఇవాళ రెండు తెచ్చి గూట్లో పక్కపక్కన నిలబెట్టారు. ఎడమ పక్కది తమలపాకుల సాగు, కుడి పక్కది లక్క బొమ్మల తయారీ. ఇలాంటివి ఇంకెవరైనా తీసుకుపోతారా!

"తల! నేను తలనొప్పి లెక్క కనవడుతున్ననా?" అని గయ్యిమన్నాను.

"జర ఆగు. తల గాదే, గిటు నుంచి సూడు," అంటూ ఉర్దూ చదివినట్టు కుడి నుంచి ఎడమకు వేలు జరిపారు.

కచేరీలోనూ ఇలాగే చదువుతారేమో అనుకుంటూ చూశాను. కోపం ఎటు పోయిందో. పెళ్ళయిన నాటి నుంచి 'ఏమే', 'ఇగో' అనడమే తప్ప నా పేరు ఆయన నోట ఒక్కసారీ రాలేదు.

"మరి పైకి సదువుండ్రి. ఆట ఆటనే," అన్నాను.

అత్తమ్మ వింటుందేమోనని ఆయన వాకిలి వైపు చూశారు. తర్వాత చాలా మెల్లగా, "లత" అన్నారు. చెవులు ఎర్రబడ్డాయి.

నాకు శుభ్రంగా వినిపించింది.

"వినబడలే. మల్లొకసారి సదువుండ్రి," అన్నాను.