ఫెర్న్‌డేల్ పార్కు ఉత్తరపు గోడలో కేకుల గేటు

పునరుద్ధరణ అధికారి గారికి,
నగర ఉద్యానవనాల విభాగం, బెంగళూరు.

అర్జీదారు: నళిని, గృహిణి, భర్త అశోక్‌కుమార్, పాత బేకరీ ఇల్లు, ఉత్తరపు సందు, ఫెర్న్‌డేల్, వర్తూరు రోడ్డు.

అయ్యా,

విషయం: ఫెర్న్‌డేల్ పార్కు ఉత్తరపు గోడలో ఉన్న చిన్న గేటును పూడ్చకుండా వదిలిపెట్టవలసిందిగా కోరుట గురించి.

ఈ అర్జీ తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందుగా మనవి చేసుకుంటాను. మొదటి అర్జీ కన్నడంలో ఇచ్చాను. దానికి ఇంగ్లీషులో జవాబు వచ్చింది. రెండోది ఇంగ్లీషులో రాయించి ఇచ్చాను. దానికి ఏ భాషలోనూ జవాబు రాలేదు. పోయిన వారం తమ గది బయట బెంచీ మీద కూర్చుని ఉండగా తమరు ఫోనులో, "ఆ పరంగిపాళ్యం ముసలామె గొడవ ఇంకా ఉండాది లేప్పా" అని ఎవరితోనో అనడం విన్నాను. తమ తెలుగు నాకు చక్కగా అర్థమయింది. నా తెలుగు కూడా తమకు అర్థమవుతుందనే ధైర్యం వచ్చింది. ముసలామె అన్నది నన్నా, పార్కు అవతల ఉండే మిస్ డోరీన్‌నా అన్నది మాత్రం తేలలేదు. నన్నే అయితే నాకు యాభై మూడేళ్ళు, రికార్డులో సరిచేసుకోగలరు.

1. ఫెర్న్‌డేల్ అనేది తమ బోర్డు మీది పేరు. బస్సు కండక్టరుకూ, కూరగాయలమ్మికీ అది పరంగిపాళ్యమే. తెల్లదొరల కాలంలో రిటైరైన ఆంగ్లో-ఇండియన్ రైల్వే గార్డులు, టెలిగ్రాఫ్ గుమస్తాలు తాము ఎన్నడూ చూడని ఇంగ్లండును తలచుకుని ఇక్కడ ఒక పల్లె కట్టుకున్నారు. మధ్యలో గుండ్రంగా పార్కు, చుట్టూ ఎర్ర పెంకుల ఇళ్ళు, ఇంటికో కోళ్ళగూడు. ఉత్తరపు సందులో మా నాన్న వెంకటగిరియప్ప బేకరీ. నేను ఆ బేకరీ వెనక గదిలో పుట్టి, అదే ఇంటికి భర్తను ఇల్లరికం తెచ్చుకుని అక్కడే ఉన్నాను. కాబట్టి ఈ పార్కు గురించి నాకు తెలిసినది చెబితే తమ విభాగం నొచ్చుకోదని ఆశిస్తున్నాను.

2. పార్కు ముందు తమరు కొత్తగా పెట్టించిన చరిత్ర బోర్డు చాలా అందంగా ఉంది. చుట్టూ రాగి రంగు అంచు కూడా ఉంది. అందులో "ఇచ్చట దొరలు అశ్వారూఢులై నక్కల వేట సాగించెడివారు" అని ఉంది. ఇక్కడ ఉండిన గుర్రం ఒక్కటే, అది జట్కా గుర్రం. దానికి నక్క ఎదురుపడి ఉంటే జట్కాతో సహా వెనక్కు తిరిగి వచ్చేది. వేట అంటూ జరిగినది పర్సీ దొర ఇంట్లో. ఆయన కోళ్ళగూటికి వచ్చే ముంగిసను పైజమాతో, చీపురుతో వేటాడేవాడు. పర్సీ దొర అంటే మిస్ డోరీన్ తండ్రి. ముంగిస ఆయన కంటే చురుకైనది.

పార్కు "సర్వజనులకు ఆహ్లాదస్థలముగా విలసిల్లినది" అని కూడా రాశారు. సర్వజనుల్లో మేము లేము. చెప్పులున్నవాళ్ళు బెంచీల మీద, లేనివాళ్ళు గోడ బయట అని నియమం. అది ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. స్వాతంత్య్రం వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటినా ఆ సంగతి పార్కు కావలి పెద్దమునియప్పకు ఎవరూ చెప్పలేదు. మమ్మల్ని చూడగానే, "యా ఊరు మీది? పోండి, పోండి, గడ్డి నలిగిపోతాది" అనేవాడు. మా ఊరు ఆయన కూర్చున్న స్టూలుకు ఇరవై గజాల దూరంలోనే ఉండేది.

3. ఇక గేటు సంగతి. ఈ ఇళ్ళలో ఎవరికీ పెద్ద పొయ్యి ఉండేది కాదు. డిసెంబరు వచ్చిందంటే ప్రతి ఇంట్లోనూ కేకు పిండి కలిపి, టిన్నులో పోసి, మా నాన్న కట్టెల పొయ్యికి పంపేవారు. బ్రెడ్డు దించాక మిగిలిన వేడి మీద కేకులు నిదానంగా కాలేవి. టిన్నులన్నీ ఒకే రకం కాబట్టి ఎవరి గుర్తు వారు పిండి మీద పెట్టేవారు. పర్సీ దొర ఇంటిది నడుమ ఒక జీడిపప్పు, పాస్టరు గారిది మూడు ఎండుద్రాక్షలు. ఒక ఏడు ద్రాక్షలు పిండిలో మునిగిపోయి, పక్కింటివారి రమ్ము కేకు పాస్టరు గారి ఇంటికి చేరింది. ఫిర్యాదు రాలేదు. మరుసటి ఏడు పాస్టరు గారు తన టిన్ను మీద గుర్తు పెట్టడమే మానేశారు.

ఇబ్బంది ఏమిటంటే, పార్కు అడ్డంగా దాటితే మా బేకరీ రెండు నిమిషాల నడక. కానీ ఉత్తరం వైపు దారి లేదు. చుట్టూ తిరిగి వస్తే పిండి కుదిలి ఒక పక్కకు ఒరిగిపోయేది. కేకులు ఒంటిభుజంతో కాలేవి. పర్సీ దొర ఒక ఆదివారం గడ్డపార తెచ్చి గోడ పగలగొట్టాడు. రైల్వే పాత ఇనుములో దొరికిన గేటు ఒకటి తెచ్చి మా నాన్నతో కలిసి బిగించాడు. దానికి తాళం పెట్టలేదు. చేతిలో టిన్ను ఉన్నవాళ్ళు తాళం ఎలా తీస్తారని ఆయన వాదన. ఆ గేటు గుండా కేకులు ఇటు వచ్చాయి. కొన్నాళ్ళకు వాటిని మోసుకొచ్చే నెపంతో మేమూ అటు వెళ్ళాము. చేతిలో టిన్ను ఉంటే పెద్దమునియప్ప చెప్పులు అడిగేవాడు కాదు. ఖాళీ టిన్నులు పట్టుకుని ఎండాకాలం సెలవులన్నీ ఆ గడ్డి మీద ఆడుకున్నాము. నాకు తెలిసిన స్వాతంత్య్ర పోరాటం అదొక్కటే.

4. తమరు నియమించిన హెరిటేజ్ కన్సల్టెంటు లలిత్ గారు సౌమ్యులు. చేతిలో ట్యాబ్లెట్టు పట్టుకుని వచ్చి, పాత ప్లాను చూపించి, "మేడమ్, మీ ఎమోషన్ నాకు అర్థమవుతుంది. కానీ ఒరిజినల్ ప్లాన్‌లో ఈ గేటు లేదు. దీన్ని క్లోజ్ చేసి గోడను అప్పటి స్థితికి తేవాలి" అన్నారు.

మిస్ డోరీన్ అక్కడే తన నడక స్టాండు పట్టుకుని నిలబడి ఉంది. ఆమె తెలుగు మా అమ్మ భాగీరథమ్మ దగ్గర పొయ్యి పక్కన కూర్చుని నేర్చుకున్నది. "నేనూ ఆ ప్లానులో లేనప్పా. నన్ను కూడా పూడ్చేస్తావా?" అని అడిగింది.

లలిత్ గారు నవ్వి, "అయ్యో, మీరే కదా ఆంటీ అసలైన హెరిటేజ్" అని, ఆమెను ఆ గేటు దగ్గరే నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. ఆ ఫోటో ఇప్పుడు తమ బ్రోచరు అట్ట మీద ఉంది. గేటు చాలా బాగా పడింది.

ఒరిజినల్ ప్లానులో తమరు ఇప్పుడు పెట్టిస్తున్న సెల్ఫీ ఫ్రేమూ, కాఫీ కియోస్కూ, ఎల్ఈడీ నెమలీ ఉన్నాయా అని నేను లలిత్ గారిని అడిగాను. అవి "విజిటర్ ఎమెనిటీస్" అట, అంటే సందర్శకుల సౌకర్యాలు. కేకు టిన్ను పట్టుకున్న మనిషి మాత్రం సందర్శకుల లెక్కలోకి రాదట. అన్నీ అప్పటి స్థితికి తేవాలంటే పెద్దమునియప్ప లాంటి వారినొకరిని కూడా స్టూలు మీద కూర్చోబెట్టాలి. అప్పుడు తమరు ప్రారంభోత్సవానికి వచ్చేటప్పుడు ఊరు పేరు చెప్పవలసి ఉంటుంది.

5. అసలు బాధ ఇది. మిస్ డోరీన్‌కు ఎనభై నాలుగేళ్ళు. పరంగిపాళ్యం కట్టుకున్న ఆ కుటుంబాల్లో ఇక్కడ మిగిలినది ఆమె ఒక్కతే. ఆమె ఇల్లు పార్కుకు దక్షిణాన ఉంది. మధ్యాహ్నం భోజనం మా ఇంట్లో. దీనికి ఒప్పందమేమీ లేదు. మా అమ్మ కాలం నుంచి జరుగుతోంది. పార్కులో మెల్లగా నడిచి, రెండు బెంచీల దగ్గర ఆగి, గేటు తోసుకుని వచ్చి, "ఏం మే నళినీ, ఈ పొద్దు ఏం చేసిండావు?" అంటుంది. ఏం చేసినా బాగా లేదంటుంది. రెండోసారి వడ్డించుకుంటుంది. సాయంత్రం నేను వెళ్ళి దింపి వస్తాను. ఆమె రోజులో మాట్లాడే మనుషులు మేమే.

గేటు మూస్తే ఆమె పెద్ద రోడ్డు మీదుగా చుట్టి రావాలి. ఆ రోడ్డుకు ఫుట్‌పాత్ లేదు. నీళ్ళ ట్యాంకర్లు, ఆఫీసు క్యాబులు ఉన్నాయి. నడక స్టాండుతో దాన్ని దాటడం ఎలాగో తమరు ఒకసారి స్టాండు పట్టుకుని చూపిస్తే నేర్చుకుంటాము.

6. తమ ఆఫీసు సూచించిన ప్రత్యామ్నాయాలకు కృతజ్ఞతలు. ఒకటి, పార్కులో తిరిగే బ్యాటరీ బండి. అది దక్షిణపు గేటు దగ్గర ఎక్కించుకుని, పార్కంతా చుట్టి, దక్షిణపు గేటు దగ్గరే దింపుతుంది. రెండు, భోజనం యాప్ ద్వారా తెప్పించుకోవచ్చునని. "యాప్‌లో మాటలు కూడా తెస్తారంటనా?" అని మిస్ డోరీన్ అడిగింది. దీనికి జవాబు తమ దగ్గర ఉంటే తెలుపగలరు.

కావున, ఉత్తరపు గేటును ఉన్నచోటే ఉంచి, చరిత్ర బోర్డులో నక్కల వాక్యం తీసివేసి, ఆ ఖాళీలో "ఈ గేటు కేకుల కోసం పెట్టినది" అని ఒక్క ముక్క రాయించవలసిందిగా కోరుతున్నాను. నక్కలు అభ్యంతరం చెప్పవు. పై సంగతులను తమరు కుర్చీలో కాకుండా, వీలైతే ఆ గేటు దగ్గర నిలబడి చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు, వయసు విషయంలో తప్ప,
నళిని

తా.క. ఈ అర్జీని శుభ్రంగా తిరగరాస్తుండగానే గోడ లేచింది. మేస్త్రీ ఓబులేష్ మా సందులోనే సిమెంటు కలిపాడు. నేను టిఫిన్ క్యారియర్‌తో బయటికి వచ్చేసరికి అతని నడుము ఎత్తుకు ఇటుకలు వచ్చేశాయి. అవతల మిస్ డోరీన్ నిలబడి ఉంది.

"నా మీద కోప్పడొద్దక్కా. పూడ్చమన్నారు, పూడ్చతా ఉండాను," అన్నాడు. కొంచెంసేపు తాపీ ఆడించి, నా చేతిలోని క్యారియర్‌ను చూసి, "ఇటికెలు లెక్కకు తక్కువ పడినట్టు ఉండాయి. ఎంత కంత వదలాల?" అని అడిగాడు.

నేను క్యారియర్‌ను గోడకు ఆనించి చూపించాను. అవతలి నుంచి మిస్ డోరీన్, "కొంచెం అడ్డంగా వదులప్పా. డిసెంబరులో టిన్ను పట్టాల," అంది.

గేటును పాత ఇనుముకు వేయబోతుంటే నేను ఇంటికి మోయించుకున్నాను. మా వారు అశోక్‌కుమార్ భయపడి, "ప్రభుత్వ సొత్తు. కేసవుతుంది," అన్నారు. మొదటి అర్జీకి వచ్చిన తమ ఇంగ్లీషు జవాబును తీసి చూపించాను. అందులో ఈ స్థలంలో గేటు అనేది ఎన్నడూ లేదని తమ సంతకంతో ఉంది. లేని గేటును నేను దొంగిలించలేను కదా. అది బట్టలుతికే రాయి పక్కన ఆనించి ఉంది. కీలుకు నూనె కూడా పెట్టాను.

ఈ మధ్యాహ్నం క్యారియర్ కంతలోంచి అటు వెళ్ళింది. కాసేపటికి ఖాళీగా తిరిగి వచ్చింది. "పప్పులో ఉప్పు లేదు" అని కబురు వచ్చింది. తరువాత కంతలోంచి ఉత్త చెయ్యి వచ్చి అలాగే ఉండిపోయింది.

"ఉండావా మే, నళినీ?"

"ఉండాను."

నేను ఆ చెయ్యి పట్టుకుని సందులో నిలబడ్డాను. కంతలోంచి ఆమె చెయ్యి ఒక్కటే వస్తుంది. మిగతా మనిషి రావడానికి తమ సంతకం కావాలి.