లెక్కలో లేని మా ఇల్లు

నిర్మాణ అనుమతుల అధికారి గారికి,

అయ్యా,

విషయం: మా పక్క స్థలంలో పునాది తవ్వకం ఆపించి, దాని కంప్యూటర్ అంచనాను మా ఇంటిని చేర్చి మళ్లీ వేయించుట గురించి.

1. సదరు స్థలంలో అంతస్తుల భవనం కోసం మా ప్రహరీని ఆనుకొని గొయ్యి తవ్వుచున్నారు. గత నెలలో ఒక ఉదయం మా పడకగది గోడ కూలి, నిద్రలో ఉన్న నా చెల్లెలి మీద పడినది. మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకొని బయటకు వచ్చినది. ఇటుకలు నేనే తీసితిని. ఆసుపత్రిలో కాలు తీసివేసినారు.

2. ఆ భవనం కట్టువారి ప్లానింగ్ ఇంజనీరు పరామర్శకు వచ్చి ల్యాప్‌టాప్ తెరిచెను.

"మామ్మగారూ, వాన పడితే, సిమెంటు లేటైతే, కూలీలు రాకపోతే, అన్నీ మార్చి మార్చి వేలసార్లు ఇందులో కట్టి చూశామండి. ఒక్కసారి కూడా ఎవరికీ దెబ్బ తగల్లేదు."

"ఇందులో మా ఇల్లేది నాయనా?"

"అది ఖాళీ స్థలమని వేశామండి. మీరెలాగూ అమ్మేస్తారు కదా అని."

వాన సందేహమట. సిమెంటు సందేహమట. నేను ఇల్లు వదలుట ఒక్కటే నిశ్చయమట. అమ్మనని వారి ముఖం మీదనే చెప్పియున్నాను. గణితంలో పట్టా పుచ్చుకున్నదానను. సంభావ్యత అంటే ఏమిటో నాకొకరు నేర్పనక్కరలేదు.

3. నేను అతనిని కొట్టితినని ఫిర్యాదు. నిజమే. ఇనుప గొట్టంతో ముంజేతి మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. రెండోది తలకు గురిచూస్తే ఇరుగుపొరుగు పట్టుకున్నారు. లోపల మంచం మీది నుంచి చెల్లెలు, "వదలకే అక్కా, ఇంకొకటెయ్యి" అంది. శిక్షకు సిద్ధం. దయ అడగడం లేదు.

4. రేపటి నుండి తవ్వకం మా ముందుగది వైపు సాగునట. చెల్లెలు ఇప్పుడు ఆ గదిలోనే ఉన్నది. పుండు మానేవరకు కదల్చరాదని డాక్టరమ్మ ఆజ్ఞ. కావున, ఇల్లు ఉన్నట్టు, అందులో ఇద్దరు మనుషులు బ్రతికి ఉన్నట్టు, మట్టి తడిసి ఉన్నట్టు లెక్క మళ్లీ వేయించి, ఆ ఫలితం తమరు స్వయంగా చూచువరకు గడ్డపార కూడా దిగరాదు.

ఇది తమరు ఈరోజే చిత్తగించి తీరవలెను.

ఇట్లు,
ఎవరికీ విధేయురాలు కాని
పక్కింటి యజమానురాలు

తా.క.: రేపన్నవాళ్లు ఇప్పుడే మొదలుపెట్టారు. ముందుగది గోడ నెర్రె విచ్చింది. మంచం జరపడానికి నా బలం చాలడం లేదు. ఈ కాగితం ఎదురింటావిడ తెస్తుంది. నేను గోతిలోకి దిగి యంత్రం బకెట్టు కింద నిలబడుతున్నాను. అది ఆగుతుందో లేదో వాళ్ల కంప్యూటర్ని అడక్కండి, వచ్చి చూడండి.