ఆఖరి పేజీ చూడని మేకపిల్ల పుస్తకం గురించి

మండల విద్యాధికారి గారి సముఖమునకు,

రాళ్లచెలక గ్రామం, మహబూబ్‌నగర్ జిల్లా కాపురస్తురాలు విజయమ్మ, భర్త తిరుపతయ్య, కూలిపని, రాసుకున్న అర్జీ.

విషయం: మా ఊరి ప్రాథమిక పాఠశాల నుండి తమరు తీసుకుపోయిన మేకపిల్ల బొమ్మల పుస్తకమును ఉగాదికి లారీ వచ్చే లోపల తిరిగి ఇప్పించుట గురించి.

అయ్యా,

నేను ఐదో తరగతి దాకా చదివినాను. అర్జీ ఎట్లా రాయాలో తెలియక, మండల ఆఫీసు ముందర అర్జీలు రాసే నర్సింహులును అడిగితే, "నంబర్లు ఏసి రాయి అక్కా. ఏడ్పులు రాయకు, సార్లు సదువరు" అన్నాడు. అందుకని నంబర్లు వేసి రాస్తున్నాను.

1. నాకు ఇద్దరు పిల్లలు. కొడుకు కురుమూర్తి, నాలుగో తరగతి. బిడ్డ అర్చన, ఒకటో తరగతి. పోయిన వానాకాలంలో కురుమూర్తికి మెదడు జ్వరం వచ్చినది. జీపు మాట్లాడి కర్నూలు దవాఖానకు తీసుకుపోతుండగా బీచుపల్లి వంతెన మీద నా ఒళ్లోనే పోయినాడు. డ్రైవరు జీపు వెనక్కి తిప్పినాడు. తిప్పమని నేను చెప్పలేదు. తిప్పొద్దని కూడా చెప్పలేకపోయినాను.

2. మాలో చిన్నపిల్లలు పోతే డప్పు కొట్టరు, దినాలు చెయ్యరు, గోడకు పటం పెట్టరు. ఆ పూటకే చేను గట్టున పూడ్చిపెట్టి, స్నానాలు చేసి ఇంటికి వస్తారు. అర్చనను ముందుగానే పక్కింటికి పంపినారు. అన్న జీపు ఎక్కింది చూసింది గాని, ఆ తరువాత జరిగింది ఏదీ చూడలేదు. అన్న ఏడని అడిగితే మా అత్త భీమమ్మ, "మీ నాయిన కాడికి బొంబాయికి పోయిండు బిడ్డా, లారీల వస్తడు" అన్నది. మా అత్తది తప్పని నేను అనను. వాణ్ణి ఎత్తుకుని పెంచిన మనిషి. ఆ పూటకు ఏదో ఒకటి చెప్పాలి గదా. మా ఊర్లో మనిషి కనపడలేదంటే ఎవరికైనా నోటికి వచ్చే మాట అదే. నా భర్త మేస్త్రీ వెంట బొంబాయిలో మట్టిపని చేస్తాడు. సగం ఇళ్లు అట్లనే. పిల్లలు కూడా పోతారు. పోయినవాళ్లు పండగకు లారీలో తిరిగి వస్తారు. అందుకని బిడ్డ నమ్మింది.

3. దసరాకు లారీ వచ్చినది. అర్చన ఊరి బయటి దాకా ఉరికింది. వాళ్ల నాయిన దిగినాడు. "అన్న ఏడే నాయినా?" అని అడిగితే ఆయన తల దించుకొని, "పని ఉండి ఆగిండు, ఉగాదికి వస్తడు" అన్నాడు. అప్పటి నుండి బిడ్డకు మాట తగ్గింది. నాతో మాట్లాడదు, బర్రె పక్కన కూర్చొని దానితో మాట్లాడుతుంది. అన్నకని రేగుపండ్లు ఎండబెట్టి, మూట కట్టి దూలానికి వేలాడదీయమన్నది. వేలాడదీసినాను. రోజూ దాని కిందనే పండుకుంటున్నాను.

4. బడిలో విద్యా వాలంటీరుగా ఉన్న సరిత టీచరు ఇది కనిపెట్టి, బడికి వచ్చిన పుస్తకాల పెట్టెలో నుండి ఒకటి తీసి నాకు చూపించినది. అక్షరాలు తక్కువ, బొమ్మలు ఎక్కువ. రెండు మేకపిల్లలు గంతులు వేస్తుంటాయి. తరువాత ఒకటి లేవదు. నేను అక్కడి దాకనే చూసినాను. పుస్తకం బడి దాటకూడదు గనుక, బడి వదిలినాక వరండాలో బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకొని చూపించేదాన్ని. "ఒక్కసారే మొత్తం చూపియ్యకు వదినా. బిడ్డ ఏడ ఆగితే నువ్వు గూడ ఆడనే ఆగు. తిప్పుమంటెనే తిప్పు" అని టీచరు చెప్పింది. అట్లనే చేసినాను.

"అమ్మా, గీ మేకపిల్ల పండుకున్నదా?" అని అడిగింది.

అవునని చెప్పబోయినాను. వేలు బొమ్మ మీద ఉన్నది. "లేదు బిడ్డా, సచ్చిపోయింది" అన్నాను. ఆ మాట నా నోటి నుండి రావడం అదే మొదలు.

"మల్ల లేస్తదా?"

"లేవదు."

"మరి గీ రెండోదానికి ఎవ్వరన్న చెప్పిండ్రా?"

"ఇంకా చెప్పలే."

"జల్ది చెప్పాలె గదమ్మా. ఊకె ఎదురుసూస్తది, పాపం."

బిడ్డ తిప్పమంటే పేజీ తిప్పినాను. ఖాళీ గుంజ, దాని పక్కన రెండో మేకపిల్ల ఒక్కటే నిలబడి ఉన్నది. "రేపు సూద్దాం" అని బిడ్డ పుస్తకం మూసింది. ఆ రాత్రి చాలా దినాలకు నా మెడ పట్టుకొని పండుకుంది.

5. ఆ రేపే తమరు తనిఖీకి వచ్చినారు. మా వాడకట్టు లలితమ్మ, "పసిపిల్లల బడిల సావుబొమ్మలేంది సారూ, ఊరికి కీడు" అని తమకు చెప్పింది. ఆమెను కూడా ఏమీ అనను, పిల్లలు గల తల్లి. తమరు నిలబడి పేజీలన్నీ తిప్పి చూసి, "కుందేలు కథలు, సింహం కథలు లేవా మీకు?" అని టీచరును కోప్పడి, పుస్తకం జీపులో వేసుకున్నారు. పిల్లల మంచికే చేసినారు. నేను గోడ అవతలనే ఉన్నాను గాని ముందుకు వచ్చి మాట్లాడే ధైర్యం లేకపోయినది.

6. పుస్తకం లేకుండా చెప్పరాదా అని తమరు అడగవచ్చు. చెప్పబోయినాను. కురుమూర్తి పేరు ఎత్తితే బిడ్డ చెవులు మూసుకుంటుంది. మేకపిల్ల పేరు ఎత్తితే దగ్గరికి వస్తుంది. సరిత టీచరును అడుగుదామంటే, కాన్పుకని కొల్లాపూర్‌లోని పుట్టింటికి పోయినది.

7. ఉగాది దగ్గరికి వచ్చినది. లారీ వస్తుంది. అందరూ మూటలు దించుకొని, పిల్లలను ఎత్తుకొని నవ్వుతుంటే, మా బిడ్డ రేగుపండ్ల మూట పట్టుకొని లారీ ఖాళీ అయ్యేదాకా నిలబడుతుంది. అక్కడ, అందరి ముందర తెలియకూడదు. ముందుగా ఇంట్లో, నా ఒళ్లో తెలియాలి. నేను అడిగేది ఇంత మాత్రమే.

కావున తమరు నా మొర చిత్తగించి, సదరు పుస్తకమును బడికి పంపించవలెను. బడికి పంపడానికి రూలు ఒప్పకపోతే, నేనే బిడ్డను తీసుకొని ఆఫీసుకు వస్తాను. ఒక మూలకు కూర్చొని చూసుకొని, అక్కడనే పెట్టి పోతాము.

తమ విధేయురాలు,
విజయమ్మ

సారూ, నర్సింహులుకు సూపియ్యకుండ కింద ఇంకో ముక్క రాస్తున్న. పుస్తకం ఏడనో పడిపోయి దొరక్కుంటే నేనేం అనుకోను. గని మీరు ఆ దినం ఆఖరి దాకా తిప్పి సూసిండ్రు. మేం సూడలే. గుంజ కాడ ఒక్కతే నిలబడ్డ ఆ మేకపిల్ల, తర్వాత పేజీల ఏం చేసింది సారూ? మేత ముట్టిందా? జర రాసి పంపుండ్రి. బిడ్డకు చెప్పేటందుకే కాదు. నాకు గూడ తెల్వదు.