రామ్మోహన్ మీద నా ఫిర్యాదు

కర్నూలు, 1955. సోమవారం రాత్రి.

ఈరోజు బార్ అసోసియేషన్‌లో రామ్మోహన్ తల వంచుకుని నిలబడ్డాడు. నా దగ్గర పని నేర్చుకున్నవాడే, నా అనుమతి లేకుండా నా క్లయింటు ఓబులేసు వకాలతు పుచ్చుకున్నాడు. ఫిర్యాదు చేసింది నేనే. హైకోర్టుకు రాస్తే ప్లీడరీ చేసే సన్నదు పోతుందని పెద్దలు హెచ్చరించినా, కారణం మాత్రం చెప్పడు.

వాకిట్లో ఉన్న ఓబులేసు ఆగలేక లోపలికి వచ్చి గొంతెత్తాడు.

"ఆయప్పనేమీ అనాకండి సామీ. నేనే పోయి కాళ్లు పట్టుకుంటి. మొన్న కోర్టులో సాక్షి ఒగటి చెప్తే, మా పెద్ద వకీలుసామి ఇంగొగటి అడిగినాడు. ఆయనకు చెవులు ఇనపడ్డం లేదు. మాకుండేది దావాలో ఉండే ఆ చేనొగటే. ఈ సంగతి యాడా చెప్పొద్దని ఈయప్ప నాతో ఒట్టేయించుకున్యాడు."

ఎవరూ నా వైపు చూడలేదు. నేను లేచి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానన్నాను.

వరండాలో రామ్మోహన్‌ను తిట్టాను. "సన్నదు పోతే ఏం తిని బతుకుతావురా?"

"మీకు చెవుడని అంతమంది ముందర యెట్ల చెప్పేది సార్?"

ఓబులేసు కేసు వాడికే వదిలేశాను. కానీ ఇన్నాళ్లూ నేను సరిగా వినకుండా వాదించిన కేసులు ఎన్ని? ఓడిపోయినవాళ్లలో నావల్ల ఓడినవాళ్లెవరో...

జట్కా ఎక్కేటప్పుడు వాడు నా చెవి దగ్గరికి వంగి, "మెల్లగా సార్, మెట్టు జారుతుంది" అన్నాడు. నాకు బాగానే వినపడింది. అయినా "ఏమంటివిరా?" అన్నాను.

వాడు మళ్లీ వంగి చెప్పాడు.