తమ్ముడికి చూపించాల్సిన ఫిల్ము

సరోజా,

ఎముక మూలుగ మార్చిన రెండు నెలలకి, ఆ చివరి రోజు పొద్దున్న, నీ కుడిచెయ్యి లేవలేదు. మెదడుకి స్కానింగు తీసి మంచం మీదికి చేర్చాక నన్నే ఎవరో అనుకుని, "మాస్టారూ, మా ఆయన కాఫీ తాగేరో లేదో కాస్త కనుక్కుంటారా?" అన్నావు. "ఆయ్, తాగేరండీ" అన్నాను. సాయంత్రం ఫిట్స్ వచ్చాయి. మళ్ళీ కళ్ళు తెరవలేదు.

వచ్చే వారం నీ సంవత్సరీకం. నీకు మూలుగ ఇచ్చిన మీ తమ్ముడు రాంబాబు రానన్నాడు. "నా మూలుగే అక్కకి పడలేదు బావగారూ. నేనే చంపేసేనండీ" అన్నాడు. 

ఇవాళ ఆ స్కానింగు ఫిల్మూ ఆసుపత్రి కాగితాలూ అమలాపురంలో కొత్తగా వచ్చిన డాక్టరుగారికి చూపించాను. ఆయన కాగితాలు చదివి, ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టుకుని, "మూలుగ బాగానే పట్టిందండీ, అప్పటికి రక్తం ఊరుతోంది కూడా. ఇదిగో, మెదడులో ఈ మచ్చ చీముగడ్డ. ఇన్ఫెక్షను వల్ల వచ్చింది. ఇచ్చినాయన తప్పేముందండీ ఇందులో?" అన్నారు.

ఏడాదిగా ఆ ఫిల్ము బీరువా మీదే ఉంది. నేనే తియ్యలేదు.

అలిసిపోయాను సరోజా. కానీ వాడు నీ చేతుల్లో పెరిగినవాడు. రేపు పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే మొదటి పంటు ఎక్కి నరసాపురం వెళ్తాను. వాళ్ళింటి కిటికీ దగ్గర ఫిల్ము పట్టుకుని, ఆ మచ్చ ఎక్కడుందో వాడికి చూపిస్తాను.