నడుము నొప్పి కాదు

పాప నిద్ర లేవగానే పాలు పట్టండి, చక్కెర వేయకండి. ఆరిన బట్టలు తీసి, చొక్కాలు ఉండ చుట్టకుండా మడత పెట్టండి.

నేను ఫిజియోథెరపీ ఆవిడ దగ్గరికి వెళ్తున్నాను. నడుము నొప్పికని మీకు చెప్పింది అబద్ధం. కాన్పు తర్వాత మనం దగ్గరైతే నొప్పి పుట్టేది, తుమ్మితే బట్టలు తడిసేవి. చెప్పడానికి సిగ్గేసి పాప గదిలో పడుకున్నాను. కోపమనుకుని మీరు ఆర్నెల్లు ఒక్క మాటా అడగలేదు. అది మాత్రం నాకు గుచ్చుకుంది.

పొత్తికడుపు అడుగు కండరాల వ్యాయామం ఫోన్లో చూసి సొంతంగా మొదలుపెట్టాను. ఊపిరి బిగబట్టి బిగించడమే చేసేసరికి నొప్పి ఇంకా పెరిగింది. "బిగించడం అందరికీ వచ్చమ్మా, వదలడమే నేర్చుకోవాలి" అంది, తర్వాత వెళ్లి చూపించుకుంటే, ఆవిడ. స్టవ్ దగ్గర ఊపిరి వదులుతూ అంకెలు లెక్కపెట్టి నేను రోజూ పాలు పొంగించింది అందుకే. మీరు "తపస్సా ఏంటోయ్?" అన్నప్పుడు నవ్వు ఆపుకున్నాను, అప్పట్లో నవ్వితే ప్రమాదం. నిన్న పాప చేష్టలకు కడుపుబ్బా నవ్వాను, ఏమీ కాలేదు. నొప్పీ చాలావరకు తగ్గింది.

తా.క. దిండు మన గదికి తెచ్చేశాను. తొందరపడొద్దంది ఆవిడ. నొప్పిగా ఉంటే ఈసారి చెప్తాను, మీరూ అడగండి.